చేతులు కడుక్కున్నాకే జబ్బు పేరు

మా వైపు నన్ను కుక్కల డాక్టరమ్మ అంటారు. మొదట వెటకారానికి పెట్టిన పేరే. గేదెలకీ ఆవులకీ సూదులు వెయ్యాల్సిన గవర్నమెంటు డాక్టరు, ఎండలో వచ్చిన రైతుని కాసేపాగమని, ఒక ఊరకుక్క పళ్ళు విప్పి చూస్తూ కూర్చుంటే జనం నవ్వరా మరి? నవ్వారు. తరువాత వాళ్ళే చంటిపిల్లల్ని తెచ్చినట్టు కుక్కపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఇప్పుడు రాజమండ్రి బజారులో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఠక్కున ఆగుతాను. నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం దేనికి?

ఈ మధ్య మా అక్క మనవరాలు దివ్య వెటర్నరీ చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతూ నా దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, పుస్తకంలో లేనిది ఏదైనా చెప్పు" అంది. పుస్తకంలో లేనివి నాకు చాలా తెలుసనుకున్నాను. తీరా చెప్పబోతే అన్నీ పుస్తకంలో ఉన్నవే. లేనిది ఒక్కటే తేలింది. అది నేను చేసిన తప్పు. నోటితో చెబితే మా దివ్య "సర్లే అమ్మమ్మా" అని ఫోన్ చూసుకుంటుందని తెలుసు కాబట్టి, కాగితం మీద పెడుతున్నాను. దానిలాగే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలందరూ చదవొచ్చు.

మా పెద్ద డాక్టరు గారు

నా మొదటి పోస్టింగు జంగారెడ్డిగూడెం దాటాక ఒక మెట్ట ఊళ్ళో. అక్కడ నా పైన కామేశ్వరరావు గారని పెద్ద డాక్టరు. పశువు ఒంటి మీద చెయ్యి వేస్తే చాలు, అది తల దించి నిలబడేది. అంత గొప్ప చెయ్యి. కుక్కలంటే మాత్రం ఆయనకి బొత్తిగా గిట్టదు.

"పాలిస్తుందా? దున్నుతుందా? మరి దానికి మందెందుకమ్మా సుగుణా?" అనేవారు.

"మీ ఇంట్లో మనవడు పాలిస్తున్నాడాండీ? వాడికి జ్వరం వస్తే మొన్న సెలవు పెట్టారు కదా" అన్నాను ఒకసారి. రెండురోజులు నాతో మాట్లాడలేదు. ఆ విషయంలో ఆయనది తప్పు, నాది ఒప్పు. ఈ రోజుకీ అదే అంటాను. నమ్ముకుని మన గుమ్మంలో పడుకునే జీవానికి మనం బాకీ ఉండేది దాని పాలని బట్టి కాదు.

కానీ ఆయనకి ఒక అలవాటుండేది. పశువుని చూస్తున్నంతసేపూ నోట మాట వచ్చేది కాదు. చెవి మొదట్లో అరచెయ్యి ఆనించి వేడి చూసేవారు, కంటిరెప్ప తిప్పి చూసేవారు, పొట్ట మీద చెవి పెట్టేవారు, పేడ ఎలా ఉందో చూసేవారు. రైతు ఆగలేక "ఏంటండీ జబ్బు?" అంటే వినపడనట్టే ఉండేవారు. అంతా అయ్యాక నూతి దగ్గరికి వెళ్ళి, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలు తుడుచుకుని, అప్పుడు వచ్చి జబ్బు పేరు చెప్పేవారు. ఒక్కోసారి అక్కడినుంచి మళ్ళీ పశువు దగ్గరికే వెళ్ళి ఇంకోసారి చూసేవారు.

ఇదేం చాదస్తమండీ అని అడిగాను. "చేతికి మురికి ఉన్నంతసేపూ మనసు కంగారుగా ఉంటుందమ్మా. ఆ కంగారులో మన నోట్లోంచి వచ్చిన పేరు జనానికి అంటుకుపోతుంది. తరువాత నువ్వు మార్చుకున్నా వాళ్ళు మార్చుకోరు. నూతి దాకా నడిచే లోపల నా తప్పు నాకే ఎన్నిసార్లు దొరికిందో" అన్నారు.

నేను విని ఊరుకున్నాను. కుర్రతనం. నూయీ గట్టూ ఉన్న రోజుల సంగతి ఇది, మనకి కుళాయి పక్కనే ఉంది కదా అనుకున్నాను. కుక్కల విషయంలో తప్పు మాట్లాడే మనిషి దేంట్లోనూ ఒప్పు చెప్పడనే పొగరు కూడా కొంత ఉంది.

మాష్టారి గొలుసు

తరువాత నేను డెల్టాలోకి దిగాను. చివరి పన్నెండేళ్ళు కడియం చుట్టుపక్కల ఒక ఊళ్ళో పనిచేశాను. నర్సరీల మధ్య ఆసుపత్రి. గేట్లోంచి చూస్తే ఎటు చూసినా మొక్కలే. ప్రతి నర్సరీకీ ఒకటో రెండో కుక్కలు. కాపలాకని తెస్తారు, తరువాత ఇంట్లో మనిషైపోతాయి. అలా అయినవాటిని చూడడానికే నాకు పొద్దు చాలేది కాదు.

పెంచేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. తెలియనివాళ్ళే ఎక్కువ. ఒక లెక్కల మాష్టారుండేవారు, రిటైరయ్యారు. ఆయన సీజర్ అనే కుక్కని పెరట్లో కొబ్బరిచెట్టుకి గొలుసుతో కట్టి ఉంచేవారు. పగలూ అక్కడే, రాత్రీ అక్కడే. "పోస్టుమాన్ కూడా లోపలికి రాడండి, అంత పౌరుషం" అని మురిసిపోయేవారు. టీకా వెయ్యడానికి వెళ్ళి చూశాను. అది పౌరుషం కాదు. తిరిగి తిరిగి చెట్టు చుట్టూ నేల గుండ్రంగా అరిగిపోయింది. మెడ దగ్గర బొచ్చు ఊడిపోయింది.

"మాష్టారూ, నాకో చిన్న సాయం చెయ్యండి. కుర్చీ తెచ్చుకుని దీని పక్కన ఒక అరగంట కూర్చుని పేపరు చదువుకోండి" అన్నాను.

"ఈ ఎండలోనా?"

"నీడ వస్తుంది కదండీ."

నవ్వుతూ కూర్చున్నారు. పది నిమిషాలకి కొబ్బరాకుల నీడ జరిగింది. ఆయన కుర్చీ జరుపుకున్నారు. ఇంకో పది నిమిషాలకి ఇంకా జరుపుకున్నారు. సీజర్ కూడా లేచి ఆయన వెనకాలే వచ్చింది, గొలుసు బిగిసి ఆగిపోయింది. ఎండలో నిలబడి ఆయన వైపు చూసింది. మాష్టారు పేపరు మడిచేశారు. మరుసటి వారం వెళ్ళేసరికి రెండు కొబ్బరిచెట్ల మధ్య పొడుగునా తీగ కట్టి, గొలుసు దానిమీద జారేటట్టు ఏర్పాటు చేసి, నీడలో ఒక మట్టితొట్టి నిండా నీళ్ళు పెట్టారు. లెక్కల మాష్టారు కదా, కొలత వేసి మరీ కట్టారు. సాయంత్రాలు కాలవ గట్టున ఆయన్ని సీజర్ లాక్కుపోతూ కనబడేది.

నేను ఎవరికి చెప్పినా ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. దాని చోట మీరు అరగంట కూర్చోండి. మీకు దాహమైతే దానికీ దాహమే. ఆవకాయ కలిపిన మిగులు అన్నం మీ పొట్టకి మంటైతే దానికీ మంటే. ఏడాదికోసారి పిచ్చికుక్క టీకా మాత్రం దానికోసమే కాదు, మీ ఇంట్లో పిల్లల కోసం కూడా. కరిచినచోట పసరు పుయ్యడం మాని సబ్బుతో నీళ్ళధార కింద పావుగంట కడిగి పెద్దాసుపత్రికి పరిగెత్తమని ఎన్ని గుమ్మాల్లో చెప్పానో నాకే తెలియదు. వినరని మీరు అనుకుంటారు. పదిసార్లు చెబితే వింటారు. తొమ్మిదిసార్లు చెప్పి విసుక్కునేవాళ్ళకి ఈ ఉద్యోగం పనికిరాదు.

టామీ

ఇక అసలు సంగతి.

మా ఆసుపత్రికి దగ్గర్లో రెండు నర్సరీలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి సత్తిబాబు గారిది, రెండోది నాగేశ్వర్రావు గారిది. చుట్టాలు కారు, అంతకంటే ఎక్కువ. రెండింటికీ మధ్య ఒకటే బాట. దూరపు రాష్ట్రాలకి మొక్కల లారీ ఎత్తాలంటే ఇద్దరూ కలిసి ఎత్తేవారు. ఈయన గులాబీలు, ఆయన క్రోటన్లు. ఒకరింట్లో పొయ్యి మీదున్న కూర ఇంకొకరింటికి నడుచుకుంటూ పోయేది.

సత్తిబాబు గారి కుక్క టామీ. గోధుమరంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వంగి ఉండేది. దానికి పందికొక్కులంటే పిచ్చి. వాటిని తరుముకుంటూ పక్క నర్సరీలో దూరి, వరసగా పేర్చిన మొక్కల కవర్లని కూలదోసేది. నాగేశ్వర్రావు గారు నోరున్న మనిషి. ఒకరోజు టీ కొట్టు దగ్గర పదిమందిలో, "సత్తిబాబూ, నీ టామీగాణ్ణి కట్టేసుకో. ఈసారి వచ్చిందంటే మందెట్టేస్తాను, ఆ!" అన్నారు. సత్తిబాబు గారు నవ్వారు, అందరూ నవ్వారు. ఆ టీ కొట్టులో నేనూ ఉన్నాను, నేనూ నవ్వాను.

వారం తిరక్కుండా టామీని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. నోటినిండా నురగ. ఒళ్ళంతా చిన్నగా అదురుతోంది. కంటిపాప సూదిమొనంత అయిపోయింది. చూడగానే తెలిసింది, పురుగుమందు జాతి విషం. టీకా వేసిన కుక్కే, నా చేత్తోనే వేశాను, కాబట్టి పిచ్చి అనే అనుమానం లేదు. విరుగుడు ఇంజక్షన్ ఎక్కించాను, మళ్ళీ ఎక్కించాను. అప్పటికే ఆలస్యమైపోయింది. టేబుల్ మీదే ప్రాణం పోయింది.

సత్తిబాబు గారు దాని వంగిన చెవిని నిమురుతూ ఉండిపోయారు. వరండాలో జనం గుమిగూడారు. "ఏమైందండి డాక్టరమ్మ గారూ?" అన్నారాయన.

నా చేతులకి ఇంకా ఆ నురగ ఉంది. కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది.

"ఎవరో మందు పెట్టారండి. అన్నంలోనో మాంసంలోనో కలిపి పెట్టుంటారు" అన్నాను.

అంతే అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, టీ కొట్టులో విన్నవాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. సత్తిబాబు గారు తలెత్తి ఒక్కసారి బాట వైపు చూశారు. ఆయన ఎవరిని తలుచుకున్నారో నాకు తెలుసు. అడ్డుపడలేదు. ఎందుకంటే నేనూ ఆయన్నే తలుచుకున్నాను.

టామీ విషం తిన్నదని చెప్పడం నా పని. అది చెప్పడానికి నాకు చదువుంది. ఎవరో పెట్టారని చెప్పడానికి నా దగ్గర ఏముంది? దాని కడుపులో ఏముందో నేను చూడలేదు. కోసి చూస్తానంటే ఆయన ఒప్పుకోరని నాకు నేనే అనుకుని, అడగను కూడా అడగలేదు. అడిగి చూసుంటే ఆ కడుపులో అన్నం ఉండేది కాదు, మాంసం ఉండేది కాదు. నా సర్వీసులో పెద్ద తప్పు ఏదంటే టామీని బతికించలేకపోవడం కాదు, ఆ కడుపు చూడకుండా ఆ మాట అనడం.

వారంలో బాట మధ్యలో ముళ్ళకంచె లేచింది. లారీలు విడివిడిగా ఎత్తడం మొదలుపెట్టారు. నాగేశ్వర్రావు గారు పెద్దమనుషుల ముందు పిల్లల మీద ఒట్టు పెట్టుకుని నేను పెట్టలేదన్నారట. "డాక్టరమ్మ గారే చెప్పారు కదా, ఆవిడకేం పని అబద్ధమాడ్డానికి?" అన్నారట ఎవరో. ఆ ముక్క నా చెవిన పడ్డప్పుడు నేను ఏమనుకున్నానో సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మూగజీవి తరఫున నిలబడ్డానని గర్వపడ్డాను.

మంగమ్మ

నాలుగు నెలలు గడిచాయి. నాగేశ్వర్రావు గారికీ ఒక కుక్క ఉండేది, స్నోయీ అని తెల్లటిది, బొచ్చుకుక్క. అప్పటిదాకా ఆయనే దాన్ని మోటారుసైకిల్ ముందు కూర్చోబెట్టుకుని నా దగ్గరికి తెచ్చేవారు. టామీ సంగతయ్యాక రావడం మానేశారు.

ఒకరోజు పదకొండు గంటల వేళ మంగమ్మ అనే ఆవిడ గేటు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. నర్సరీల్లో కవర్లలో మట్టి నింపే కూలిమనిషి. ఈ వారం ఒకరి దగ్గర, వచ్చే వారం ఇంకొకరి దగ్గర. చేతుల్లో గోనెసంచి, సంచిలో స్నోయీ. అదే నురగ, అదే అదురు, అదే సూదిమొన కంటిపాప.

"మా అయ్యగారు మీ దగ్గరికి తీసుకెళ్ళొద్దన్నారండి. రాజమండ్రి తీసుకెళ్దారని కారు కోసం ఫోన్ చేత్తన్నారు. ఈలోపు పోద్దండి ఇది. నేనే ఎత్తుకొచ్చేశాను. నన్ను పనిలోంచి తీసేసినా సరే, ముందు దీన్ని సూడండమ్మా" అంది.

ఈసారి ఆలస్యం కాలేదు. విరుగుడు ఎక్కించాను, నోరు ఆరేదాకా, కంటిపాప విచ్చేదాకా కొద్దికొద్దిగా ఇస్తూనే ఉన్నాను. మధ్యలో అది బకెట్టులో కక్కింది. అలవాటుగా పారబొయ్యబోయి ఆగాను. అన్నం లేదు. మాంసం లేదు. ఎర్రమట్టి, దాంట్లో తెల్లటి నలుసులు, నల్లటి గుళికలు.

"ఇదేంటి మంగమ్మా? ఇది మట్టి తిందా?"

"ఆయ్, మట్టేనండి. కవర్లకని కుప్ప కలిపాం కదండీ. ఎర్రమట్టీ, పేడెరువూ, వేపపిండీ, ఎముకల పొడీని. అందులోనే చీమలు పట్టకుండా పురుగుమందు గుళికలు కూడా సల్లేత్తారండి. ఎముకల పొడి వాసనకి కుక్కలు ఆగవండి, మూతి దూర్చేత్తాయి. నేను తోలుతానే ఉంటాను. ఇయ్యాల టీకెళ్ళానండి, అంతే, వచ్చేసరికి..."

బకెట్టు కింద పెట్టాను. "టామీ పోయినప్పుడు సత్తిబాబు గారి దగ్గర కూడా ఈ కుప్ప ఉందా?"

"ఉందండి. అప్పుడే ఆయన ఎముకల పొడి కొత్తగా తెప్పించారు. నేనే కలిపాను. టామీ కూడా అందులో మూతెట్టిందండి ఆ పొద్దుట."

"మరి నాకు చెప్పలేదేం?"

మంగమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు, వెటకారమూ లేదు. "నన్నెవరూ అడగలేదు కదండీ. మీరు అన్నంలో పెట్టారన్నారు. సదూకున్నోరు, తెలిసే అనుంటారనుకున్నాను" అంది.

పిల్లలూ, ఇది మీరు మా దివ్యకంటే ముందు నేర్చుకోండి. ఇంటి యజమానికి కుక్క పేరు తెలుస్తుంది, వయసు తెలుస్తుంది. అది ఏం తిన్నదో, ఎక్కడ తిరిగిందో, పొద్దుట ఎలా ఉందో తెలిసేది ఇల్లు ఊడ్చేవాళ్ళకీ మట్టి కలిపేవాళ్ళకీ. వాళ్ళు ఆసుపత్రికి రారు, వచ్చినా గేటు దగ్గరే నిలబడతారు. మీరే లేచి వెళ్ళి అడగాలి.

స్నోయీ మధ్యాహ్నానికి తల ఎత్తింది. సాయంత్రానికి తోక ఊపింది. నాగేశ్వర్రావు గారు గేటు బయట మోటారుసైకిల్ మీదే కూర్చుని ఉన్నారు, లోపలికి రాలేదు. మంగమ్మని తిట్టలేదు కూడా.

అన్న చోటే

ఆ సాయంత్రం నేను సత్తిబాబు గారి నర్సరీకి వెళ్ళాను, కుప్ప చూశాను. పక్కన మట్టిలో కుక్క కాళ్ళ గుర్తులు, మూతితో తవ్విన గుంటలు. పక్క కుక్కలవో, ఊరకుక్కలవో. ఆయనకి చూపించి మొత్తం చెప్పాను. ఆయన గుంటలో చెయ్యి పెట్టి మట్టి తీసి ఆ తెల్లనలుసుల్ని వేళ్ళతో నలిపారు. "నా చేత్తో తెచ్చుకున్న ఎముకల పొడా అండీ?" అన్నారు.

తరువాత ఏం చెయ్యాలో నాకు తెలుసు. చెయ్యబుద్ధి కాలేదు, అది కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. నాగేశ్వర్రావు గారింటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి చెప్పుకుంటే అయిపోతుంది కదా అనుకున్నాను. ఆయన పరువు పోయింది వరండాలో పదిమంది ముందు. గదిలో ఇద్దరి మధ్య చెబితే అది తిరిగి రాదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. పూర్తిగా తీసుకోలేం, నిజమే. కానీ జారిన చోటికి మళ్ళీ వెళ్ళి నిలబడొచ్చు.

ఆ రోజు వరండాలో నా మాట విన్నవాళ్ళంతా పొద్దుటే చేరేది టీ కొట్టు దగ్గరే కాబట్టి, మరునాడు ఆ వేళకి అక్కడికే వెళ్ళాను. ఇద్దర్నీ రమ్మని కబురు చేశాను. ఇద్దరూ వచ్చి చెరో పక్క నిలబడ్డారు. స్నోయీ కక్కింది సీసాలో పెట్టి తీసుకెళ్ళి అందరికీ చూపించాను.

"టామీకి ఎవరూ మందు పెట్టలేదు. నేను చూడకుండా అన్నాను. మా పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కునేదాకా జబ్బు పేరు చెప్పేవారు కాదు. నాకు నేర్పారు కూడా. నేను నేర్చుకోలేదు. తప్పు నాది, నాగేశ్వర్రావు గారిది కాదు. ఆయనకి మీ అందరి ముందూ దణ్ణం పెడుతున్నాను" అన్నాను, పెట్టాను.

నాగేశ్వర్రావు గారు తల దించుకుని, "మీరు చదువుకున్నోరండి. మీరన్నారంటే నిజమే అనుకున్నారండి అంతా. నాలుగు నెల్లు. మా ఇంటావిడ కూడా ఒకనాడు అడిగిందండి నన్ను, నిజంగా పెట్టలేదు కదా అని" అన్నారు.

నా ఉద్యోగంలో గేదె కొమ్ము దెబ్బలు తిన్నాను, కుక్కకాట్లు తిన్నాను. అంత నొప్పి ఏదీ పెట్టలేదు.

సత్తిబాబు గారు ముందు కదిలారు. "మందెట్టేస్తానని నువ్వు నోరు పారేసుకోకపోతే..." అని మొదలుపెట్టి, అక్కడే ఆపేసి, ఆయన చెయ్యి పట్టుకున్నారు. కంచె ఆ రోజే తీయలేదు. సినిమా కాదు కదా. దీపావళి నాటికి తీశారు, ముళ్ళు ఒకటొకటే ఏరి.

ఇక నేను గర్వపడే భాగానికి వస్తాను. మంగమ్మని వెంటబెట్టుకుని ఆ వరసలో ఉన్న నర్సరీలన్నీ తిరిగాను. నేను మాట్లాడితే అవునండి అనేవారు. మంగమ్మ మాట్లాడితే చేసేవారు. ఎముకల పొడీ గుళికలూ ఒకే కుప్పలో కలపొద్దు. కుప్ప మీద టార్పాలిన్ వేసి అంచులకి బరువులు పెట్టాలి. కవర్లు నింపుతున్నంతసేపూ కుక్కలు కంచె లోపల ఉండాలి, అక్కడ నీళ్ళూ నీడా ఉండాలి. గుళికలు ముట్టుకున్న చేతులతో ఎవరూ అన్నం తినకూడదు. ఈ ఆఖరి మాట మంగమ్మదే. "కుక్కలకేనా అండీ, మాకు మాత్రం ప్రాణం లేదా?" అంది. కుక్కల గురించి బయల్దేరిన పని మనుషులకి చేతితొడుగులు తెచ్చిపెట్టింది. ఆ తరువాత నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ వరసలోంచి గుళికలు తిన్న కుక్క నా టేబుల్ మీదికి రాలేదు. నా పేరు ఏ కాగితం మీదా రాయకపోయినా ఫరవాలేదు. ఇది నేనూ మంగమ్మా చేసిన పని.

ఆఖరి రోజు

నాగేశ్వర్రావు గారు రోడ్డు మీద కనబడితే "నమస్కారమండి" అనేవారు. మర్యాద తప్పలేదు. ఆసుపత్రి మెట్టు మాత్రం ఎక్కలేదు. స్నోయీకి ఏటా టీకా వేళకి మంగమ్మ తెచ్చేది. అది ముసలిదై, నేను రిటైరయ్యే ముందటి వానాకాలంలో నిద్రలోనే పోయిందని కూడా మంగమ్మే చెప్పింది. నేను ఆయన్ని తప్పు పట్టలేదు. క్షమించడం వేరు, మళ్ళీ నమ్మడం వేరు. రెండోది మనం అడిగి తెచ్చుకునేది కాదు.

నా ఉద్యోగం ఆఖరి రోజున వరండా నిండా జనం. కడియం నర్సరీల వాళ్ళు సన్మానం చేస్తే దండలకి కరువా? మెడ తిరగలేదు నాకు. ఫోటోకి నిలబడమంటున్నారు. అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ నాగేశ్వర్రావు గారు వచ్చారు. చేతిలో ఒక కుక్కపిల్ల, గోధుమరంగుది. వెనకాల సత్తిబాబు గారు.

"ఇద్దరం కలిసి తెచ్చామండి. రెండు నర్సరీలకీ ఇదొక్కటే" అన్నారు సత్తిబాబు గారు.

నాగేశ్వర్రావు గారు పిల్లని తీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "ఎలా ఉందో చూసి చెప్పండి" అన్నారు. "చూసి" అన్న మాటని కాస్త ఒత్తి పలికారు.

దండలు తీసి పక్కన పెట్టాను. ఫోటో అబ్బాయి "మేడమ్, ఒక్క నిమిషం" అంటున్నాడు, వినపడనట్టే ఉన్నాను. చెవులు చూశాను, కళ్ళు చూశాను, చిగుళ్ళు నొక్కి చూశాను. పొట్ట తడిమాను. గుండె విన్నాను, రెండుసార్లు విన్నాను. నాలుగు కాళ్ళూ చాపి చూశాను. ఏం తింటోందని అడగడానికి గేటు దగ్గర నిలబడ్డ మంగమ్మని లోపలికి పిలిచాను. టీకా వేశాను.

కుళాయి దగ్గరికి నడిచాను. సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కున్నాను. కామేశ్వరరావు గారిలాగే వేలు వేలు. తుడుచుకోవడానికి అటూ ఇటూ చూస్తుంటే, నాగేశ్వర్రావు గారు తన భుజం మీద తువ్వాలు తీసి నా చేతికి అందించారు.

"ఇప్పుడు చెప్పండి డాక్టరమ్మ గారూ" అన్నారు.

"నిక్షేపంలా ఉందండి" అన్నాను.